అద్దం బాబాయి క్షమాపణలు

అద్దాల కంపెనీకి నోరుండదు కాబట్టి, దాని తరఫున మాట్లాడడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారు. నలభై ఆరేళ్లవాడు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడాల్సి వస్తే పేపరు అడ్డం పెట్టుకునే రకం. అలాంటివాడు ఆఫీసులో కూర్చుని, కంపెనీ సోషల్ మీడియా పేజీలో 'అద్దం బాబాయి' అనే పేరుతో లోకమంతటికీ కబుర్లు చెప్పేవాడు. "ఏమ్మా, ఇవాళ నా మొహం చూడకుండానే బయల్దేరావు, చొక్కా తిరగేసి వేసుకున్నావు చూసుకో" అని పొద్దున్నే ఒకటి వదిలేవాడు. సాయంత్రానికి దానికింద నాలుగు వందల కామెంట్లు పడేవి. అన్నింటికీ జవాబిచ్చేవాడు.

ఆరు లక్షల మంది ఫాలోవర్లకి అతను బాబాయి. క్రమంగా ఆఫీసులోనూ బాబాయే అయ్యాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అతనికంటే పదేళ్లు పెద్దవాడు, అతనూ బాబాయ్ అనే పిలిచేవాడు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. అందుకు అతనేమన్నా బాధపడ్డాడా అంటే, ఎక్కడిది! లోలోపల తెగ మురిసిపోయాడు.

అయితే అతని అసలు విద్య కబుర్లు కాదు, క్షమాపణ. కంపెనీ పంపే అద్దాల్లో పదికి ఒకటి దారిలో పగిలేది. కొన్నవాళ్లు ఆ ముక్కల ఫొటో పెట్టి, కంపెనీని ఏడు తరాల వెనక్కి వెళ్లి మరీ తిట్టేవాళ్లు. తొమ్మిది నిమిషాల్లో బాబాయి ప్రత్యక్షమయ్యేవాడు. "మీకు కలిగిన అసౌకర్యానికి మేము హృదయపూర్వకంగా చింతిస్తున్నాం. దయచేసి మీ వివరాలు ఇన్‌బాక్స్‌లో పంపగలరు." ఇలాంటివి పదకొండు రకాలు రాసి పెట్టుకున్నాడు. పగిలినదానికి ఒకటి, గీత పడినదానికి ఒకటి, కొలత తప్పినదానికి ఒకటి. 'మీ అద్దంలో లావుగా కనబడుతున్నాను' అన్నవాళ్లకి కూడా ఒకటుంది. పగలగొట్టేది లారీవాళ్లు, చింతించేది బాబాయి. తను చెయ్యని తప్పుకి రోజుకి నలభై సార్లు చింతించి చింతించి, ఆ పని గుక్క తిప్పుకోకుండా చేసేంతగా ఆరితేరాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆరిన బట్టలు చేతినిండా పట్టుకుని పడగ్గదుల వైపు వెళ్తున్నాడు. కూతురి గది తలుపు ఓరగా తీసి ఉంది. పదమూడేళ్ల పిల్ల. తల్లి ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. ఆవిడకి బదిలీ అవడంతో రెండు నెలల కిందట ఇల్లు మారారు, పిల్ల స్కూలూ మారింది. ఇప్పుడా పిల్ల గోడకున్న నిలువుటద్దం ముందు నిలబడి, చేతిలో లేని టిఫిన్ డబ్బాని ఉన్నట్టు పట్టుకుని, నవ్వుతూ అడుగుతోంది.

"నేనిక్కడ కూర్చోవచ్చా?"

నచ్చలేదు కాబోలు, నవ్వు తీసేసి మళ్లీ అడిగింది. "ఇక్కడెవరైనా ఉన్నారా? లేరా? అయితే నేను కూర్చోనా?" ఈసారి భుజాలెగరేసి, పెద్దగా పట్టనట్టు అడిగింది. "ఛ, ఇలా కాదు" అని తల విదిలించుకుని మళ్లీ మొదలుపెట్టింది.

బాబాయి బట్టలు కింద పెట్టి ఫోను పైకెత్తాడు. స్కూల్లో నాటకం వేస్తోందేమో అనుకున్నాడు. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాడు. సోమవారానికి పోస్టు ఏదీ సిద్ధంగా లేదని కూడా అనుకున్నాడు. నిజం చెప్పాలంటే అన్నింటికంటే ముందు అనుకున్నది అదే. ఇరవై రెండు సెకన్లు తీసి, చప్పుడు కాకుండా వెనక్కి తగ్గాడు. బట్టలు అక్కడే మర్చిపోయాడు.

సోమవారం పొద్దున "మీ మొదటి ప్రేక్షకుడు మీ అద్దమే" అని ఒక వాక్యం తగిలించి పేజీలో పెట్టాడు. మధ్యాహ్నానికి మూడు లక్షల మంది చూశారు. సాయంత్రానికి పదకొండు లక్షలు దాటింది. మేనేజరమ్మ, వయసులో అతనికంటే పదిహేనేళ్లు చిన్నది, కుర్చీలోంచి లేచొచ్చి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత మిగతా కంపెనీలు దిగాయి. ఇలాంటిచోట పిలవకపోయినా రావడం వాటి అలవాటు. ఒక కుర్చీల కంపెనీ "మా దగ్గర కూర్చో తల్లీ" అంది. ఒక బస్సుల కంపెనీ "కిటికీ పక్క సీటు నీకే" అంది. ఒక బ్యాంకు వాళ్లు "మా కౌంటరు దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు" అన్నారు. అది మాత్రం పచ్చి నిజమని జనం నవ్వుకున్నారు. పెద్దా చిన్నా అందరూ అద్దాల ముందు నిలబడి, ఆ పిల్లలాగే అడుగుతూ వీడియోలు పెట్టడం మొదలుపెట్టారు.

ఎవరో ఒకావిడ మాత్రం వేరేగా రాసింది. "ఈ పాప కొత్త స్కూల్లో చేరినట్టుంది. భోజనాల దగ్గర ఒక్కతే తింటోందేమో, ఎవరైనా కనుక్కోండి." బాబాయి అది చదివాడు. జనానికి ఊహలెక్కువ అనుకుని, ఆవిడకో దండం బొమ్మ పెట్టి, కిందికి జరిపేశాడు.

మంగళవారం సాయంత్రం ఇంటికి చేరేసరికి కూతురి గదికి లోపల గడియ వేసి ఉంది. భార్య హాల్లో నిలబడే ఉంది, చేతిసంచీ కూడా భుజం మీదనుంచి దించలేదు.

"మధ్యాహ్నం డబ్బా పట్టుకుని భోజనాల గదిలోకి వెళ్లిందట. తరగతి తరగతంతా ఒకేసారి అందుకున్నారట, 'నేనిక్కడ కూర్చోవచ్చా' అని. ఒకడు కుర్చీ లాగి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని వెక్కిరించాడట. డబ్బా తెరవకుండానే తెచ్చేసింది. రేపటినుంచి స్కూలుకి వెళ్లనంటోంది" అని చెప్పింది.

"అది నాటకం కాదా?" అన్నాడు.

"ఏం నాటకం? రెండు నెలలుగా ఎవరి పక్కన కూర్చోవాలో తెలీక తిప్పలు పడుతోంది. ఎలా అడిగితే బాగుంటుందో అద్దంలో చూసుకుని నేర్చుకుంటోంది. నేను ల్యాబులో పడి గమనించలేదు. మీరు గమనించారు. గమనించి లోకానికి చూపించారు."

బాబాయి కూతురి గది దగ్గరికి వెళ్లాడు. తలుపు కొట్టాడు. పలకలేదు. మళ్లీ కొట్టాడు. ఏం చెయ్యాలో తోచక, చేతులు అలవాటైన పని చేశాయి. ఇంట్లో ముగ్గురికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో రాశాడు: "నీకు కలిగిన అసౌకర్యానికి మేము హృదయపూర్వకంగా చింతిస్తున్నాం." పంపేశాకగానీ తనేం రాశాడో చూసుకోలేదు. తుడిచేసేలోపే లోపలినుంచి జవాబొచ్చింది.

"నా కంప్లయింట్ నంబరు ఎంత?"

వెనకే హాల్లో నిలబడ్డ భార్య నుంచి ఇంకొకటి వచ్చింది. "ఆ 'మేము' ఎవరండీ? నన్ను అందులో కలపకండి."

బుధవారం పిల్ల స్కూలుకి వెళ్లలేదు, గదిలోంచి బయటికీ రాలేదు. బాబాయి ఆఫీసుకెళ్లి కూర్చుని, ఈసారి ఏ నమూనా చూడకుండా సొంతంగా రాస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. రాశాడు కూడా. 'ఒక తండ్రిగా నేను ఓడిపోయాను' అని మొదలుపెట్టి, కళ్లు తుడుచుకుంటూ, నాలుగు పేరాలు. మంచి రచనే. అంత మంచి రచన ఒక్కరికి పంపితే ఎలా? పేజీలో పెట్టాడు.

మొదటిదాన్ని మించిపోయిందది. "తండ్రంటే ఇలా ఉండాలి" అన్నారు. "ఏడిపించావు బాబాయ్" అన్నారు. కుర్చీల కంపెనీ చేతులు జోడించిన బొమ్మలు మూడు పెట్టింది. బాబాయి ఒక్కొక్కటే చదువుకుంటూ, నిజంగానే తను చాలా గొప్ప తండ్రినన్న నిర్ణయానికి వచ్చాడు. భోజనాల వేళకి నలభై వేల హృదయాలు లెక్కపెట్టాడు. ఇంట్లో ఉన్న ఒక్కటి ఎలా ఉందో ఫోను చేసి కనుక్కోవాలన్న సంగతి తట్టనే లేదు.

మూడింటికి భార్య ఫోను చేసింది. "చదివింది" అంది.

"ఏమంది?"

"'నాన్న మళ్లీ చేశాడు' అంది. అంతే. ఇంతకీ మీరు క్షమించమని అడిగింది దాన్నా, వాళ్లనా?"

ఫోను పెట్టేశాడు. సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, కంప్యూటర్ మీద వెలుగు పడి తన మొహం అందులో కనబడితే అటువైపు చూడలేక కుర్చీ పక్కకి తిప్పుకున్నాడు. అద్దాల కంపెనీలో అలా తిప్పుకోవడం తేలిక కాదు, ఏ గోడ చూసినా తనే ఉన్నాడు. బట్టతల, వేలాడే బుగ్గలు, మెడలో ఐడీ కార్డు. ఇంత మొహం వేసుకుని ఆరు లక్షల మందికి బాబాయి. ఉన్న ఒక్క పిల్లకి నాన్నగా ఉండడం మాత్రం చేతకాలేదు వెధవకి.

ఇక రెండు పోస్టులూ తీసేద్దామని మేనేజరమ్మ గదికి వెళ్లాడు. ఆవిడ అంతకుముందే అతని కోసం ఎదురుచూస్తోంది.

"బాబాయ్‌గారూ, మీకు మంచి కబురు! కుర్చీల కంపెనీవాళ్లు మనతో కలిసి ప్రకటన చేస్తామంటున్నారు. వాళ్ల కుర్చీ, మన అద్దం, మధ్యలో మీ అమ్మాయి. శుక్రవారం షూటింగ్."

"అది కాదు మేడమ్, నేను ఆ వీడియో తీసేద్దామని…"

"తీసేయడమేంటి! ఈ సంవత్సరం మనకి వచ్చిన పెద్ద హిట్ అది. అది ఇప్పుడు మీ అమ్మాయి కాదు బాబాయ్‌గారూ, మన క్యాంపెయిన్."

ఇక్కడ బాబాయి బల్లగుద్ది మాట్లాడాడని చెప్పగలిగితే బాగుండేది. అతను చేసిందల్లా "సరే మేడమ్, ఇంట్లో అడిగి చెప్తాను" అని తలూపి బయటికి రావడం. ఇరవై ఏళ్లుగా తలూపుతున్న మెడ, అప్పుడు మాత్రం ఎందుకు ఆగుతుంది? తన సీటుకొచ్చి కూర్చున్నాక ఆవిడ మాట మళ్లీ వినబడింది. అది మీ అమ్మాయి కాదు. ఆవిడ మీద కోపం రాలేదు. ఆ మాట ఆవిడ కంటే ముందు, శనివారం నాడే, తలుపు దగ్గర బట్టలు కింద పెట్టినప్పుడే తను అనుకున్నట్టు లెక్క. ఆవిడ నోటితో అంది, తను చేత్తో చేశాడు.

మొదటి పోస్టు తీసేశాడు. 'నిజంగా తీసేయమంటారా?' అని అడిగింది పేజీ. అవునని నొక్కాడు. రెండోది, నాలుగు పేరాలది, తీసేయడానికి మాత్రం చెయ్యి కాసేపు తటపటాయించింది. అందులో మూడో పేరా చాలా బాగా కుదిరింది మరి. ఇంత జరిగాక కూడా మూడో పేరా మీద మమకారం చావలేదని తన మీద తనకే అసహ్యమేసి, కళ్లు మూసుకుని నొక్కేశాడు.

పది నిమిషాల్లో ఆఫీసంతా గోల. మేనేజరమ్మ అరవలేదు. అరిస్తే నయం. నెమ్మదిగా "పాస్‌వర్డ్ ఇచ్చేయండి" అంది. సోమవారం నుంచి గోడౌన్‌లో, అద్దాలకి అట్టలు చుట్టే దగ్గర పని చూడమంది. బాబాయి పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి, ఎండ ఉండగానే ఇంటికి బయల్దేరాడు. బస్సులో ఎవరో కుర్రకారు ఆ వీడియోనే చూస్తూ నవ్వుకుంటున్నారు. పేజీలో లేదు కానీ వాళ్ల ఫోనుల్లో ఉంది. తను తీసేసింది సముద్రంలోంచి ఒక చెంబుడు నీళ్లేనని అప్పుడు అర్థమైంది.

ఇంట్లో కూతురి గది గడియ తీసే ఉంది. పిల్ల మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. బాబాయి గుమ్మం దగ్గరే ఆగాడు.

"రెండూ తీసేశాను" అన్నాడు.

"అందరి దగ్గరా ఉందిగా."

"ఉంది. అది నేను తీయలేను."

పిల్ల తలెత్తి చూసింది. ఏదో ఒక మంచి మాట చెప్తాడని ఎదురుచూసి, చెప్పకపోయేసరికి కాస్త తెల్లబోయినట్టుంది. తర్వాత అడిగింది.

"నాన్నా, శనివారం నువ్వు తలుపు దగ్గరే ఉన్నావు కదా. అంతా చూశావు. మరి లోపలికి ఎందుకు రాలేదు?"

రోజుకి నాలుగు వందల కామెంట్లకి జవాబిచ్చినవాడు దీనికి జవాబు వెతుక్కున్నాడు. పదకొండు నమూనాల్లోనూ ఇది లేదు.

"వీడియో బాగా వస్తోందని" అన్నాడు చివరికి. "నేను లోపలికొస్తే ఆగిపోతుందని."

అనేశాక ఏడుపొచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చాడు. "తప్పు చేశానమ్మా. నేనే చేశాను. కంపెనీ కాదు, ఎవరూ కాదు." ఈ రెండు ముక్కలూ అతుకులబొంతలా వచ్చాయి, మధ్యలో ముక్కు ఎగబీల్చుకోవడం కూడా వినబడింది.

పిల్ల కాళ్లు దగ్గరికి లాక్కుని మంచం మీద చోటు చేసింది. బాబాయి వచ్చి అంచున కూర్చున్నాడు.

"స్కూల్లో ఏమవుతోందో చెప్పమ్మా" అన్నాడు. "రెండు నెలల్లో ఒక్కసారీ అడగలేదు."

పిల్ల నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. తండ్రి చొక్కా జేబు వైపు చూసి, చెయ్యి చాపింది.

"ముందు ఫోనివ్వు."

ఎందుకని అడగలేదు బాబాయి. అడిగే మొహం తనకి లేదని తెలుసు. తీసిచ్చాడు. పిల్ల దాన్ని ఆఫ్ చేసింది. స్క్రీన్ నల్లబడే దాకా చూసింది. అప్పటికీ నమ్మకం కుదరక, లేచి వెళ్లి వంటింట్లో తల్లి చేతికిచ్చి వచ్చింది. గది తలుపు దగ్గరికి వేసింది. వేశాక, ఒకసారి మళ్లీ తెరిచి బయట ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు గట్టిగా మూసి, తండ్రి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.