విలీనం అన్న మాట

ఆదివారం ఆరాధన అయిపోగానే వినోద్ కుమార్ చర్చి మెట్లమీదనే కాగితం తీశాడు. శంషాబాద్ పక్కనున్న ఆ ఊళ్లో సమాధుల తోటకు మూడు దిక్కులా అతని వెంచర్ ప్లాట్లే. తోట చుట్టూ ఉచితంగా ప్రహరీ కట్టిస్తానని, సంఘపెద్దగా జయశీల సంతకం పెడితే చాలని అన్నాడు.

జయశీల కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదివింది. "తోట స్థలమును వెంచర్‌లో విలీనం చేయుటకు సమ్మతి... విలీనం అంటే ఏంది, వినోదూ?"

"కలుపుడే అక్కా. మన ఊరు సిటీల విలీనం కాలేదా? ఎవ్వరి ఇల్లన్న పోయిందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఉత్త గోడకు స్టాంపు కాగితం ఎందుకు? "రేపు చెప్త" అని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇస్హాక్ ఇంటికి పోయింది. శంషాబాద్‌లో ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసిన మనిషి. రెండుసార్లు చదివాడు.

"ఊరు సిటీల కలిస్తే పెత్తనం మారుతది, జాగ ఎవరిది వాళ్లకే ఉంటది. ఇది గట్ల కాదు చెల్లె. ఒకరి జాగ ఇంకొకరి దాంట్ల విలీనమైతే హద్దే పోతది. రేపు మీ తోట యాడుందంటే ఏం చూపెడ్తవ్?"

ఈయనకు ఇందులో ఏం లాభమో అనిపించింది జయశీలకు. అది కనిపెట్టినట్టే ఇస్హాక్ అన్నాడు. "నన్ను గూడ నమ్మకు. ఆ మాట కొట్టేసి, 'గోడ కట్టుటకే, హద్దులు మారవు' అని రాయమను. గోడ కోసమే అయితే ఒప్పుకుంటడు."

సాయంత్రం ఇంటికొచ్చిన వినోద్ ఆమె ఆ సంగతి చెప్పగానే ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"ఒక్క మాటకు గింత పరేషానా అక్కా? గోడ వద్దు తియ్ ఇగ." కాగితం లాక్కున్నాడు.

"మీ బాపు గూడ ఆ తోటలనే ఉన్నడు, యాదుందా?"

అతను కాగితం జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

శనివారం సంఘమంతా కూడి తోట చుట్టూ హద్దురాళ్లుగా రాతికడీలు పాతారు. పిలవకుండానే వినోద్ వచ్చి, తండ్రి సమాధి వైపు నాలుగు కడీలు మోసి పాతాడు. సిగ్గుపడి వచ్చాడో, చూసిపోదామని వచ్చాడో జయశీలకు అంతుపట్టలేదు. చాయ్ పోసిచ్చింది. అతని కారు మలుపు తిరిగాక టేపు పట్టి ఆ నాలుగింటినీ మళ్లీ కొలిచింది.

సరిగ్గానే ఉన్నాయి. అయినా ఒక్కోదానికీ ఫోటో తీసుకుంది.