మంజుల కట్టిన బ్యాటరీ

"చేతులు మంచిగ సబ్బు పెట్టి కడుక్కో. నిన్న రొట్టెలు తింటుంటె కాలిన తీగె వాసన అచ్చింది" అన్నది కనకవ్వ, మంచం మీద నుంచి లేవకుంటనే.

పిండిల పెట్టబోయిన చెయ్యి ఎనుకకు తీసుకొని మంజుల మళ్లొకసారి కడుక్కున్నది. వాసన ఎట్లైనా పోదు. కడుక్కుంటున్నట్టు అత్తకు నీళ్ల చప్పుడు వినవడితె చాలు. పెండ్లయి ఈ ఇంటికొచ్చినంక ఆమె నేర్చుకున్న సంగతి ఇది. బోళ్లు తోమితె బోళ్ల చప్పుడు రావాలె, ఊడిస్తె చీపురు చప్పుడు రావాలె. అప్పుడే కోడలు పని చేస్తున్నట్టు. ఎనుక అర్రల కూసోని చేసే పనికి చప్పుడు లేదు, గందుకే అది ఇంట్ల ఎవ్వలికి పని లెక్క కనవడలేదు.

ఆ అర్ర నిండ బ్యాటరీ సెల్లులు. మంజుల మొగడు రాకేశ్ దుబాయిల కార్ల గ్యారేజీల పనిచేసి వచ్చి, కోరుట్లల మెట్‌పల్లి రోడ్డు పొంట షెడ్డు పెట్టుకున్నడు. ఒక పాత పెట్రోల్ కారు తెచ్చి, ఇంజిను పీకేసి కరెంటు మీద నడిపిస్తనని పట్టువట్టిండు. నెమ్మదిగ పోయేది కాదట, తొక్కితె మనిషి సీటుకు అతుక్కపోవాలెనట. ప్రమాదంల నుజ్జయిన ఒక ఎలక్ట్రిక్ కారు మోటరు, సెల్లులు హైదరాబాద్ తుక్కు దుకాణాలల్ల ఏరుకొచ్చిండు. ఇనుము పనిల రాకేశ్‌కు మంచి చెయ్యి ఉన్నది. మోటరును పాత గేరుబాక్సుకు జోడిచ్చెటందుకు జగిత్యాలల లేతు మిషిను మీద పలక చేయించి, వెంట్రుకంత తేడా లేకుండ బిగించిండు. సెల్లుల కాడికొచ్చెవరకు మాత్రం వాటి ముంగట గొంతుకూసోని, ఏది ఎటు కలుపాలెనో తోచక తల గోక్కున్నడు.

ఆయన చేతిల మీటరు మంజులనే తీసుకున్నది. సిరిసిల్లల ఆమె తండ్రి సాయన్న బట్టలు నేసే సాంచెల మోటర్లు కాలిపోతె మళ్ల తీగె చుట్టేటోడు. ఆయన పక్కన కూసోని తీగె చుట్టుకుంటనే పెరిగింది. ఎలక్ట్రికల్ల డిప్లొమా చదివింది. పెండ్లి మాటలప్పుడు మామ సామేలు సాయన్నతోని, "బిడ్డ సదువుకున్నదని నలుగురికి చెప్పుకుంటం గని, నౌకరి గివకరి మాకద్దు బావా" అన్నడు. సాయన్న సరేనన్నడు. మంజులను ఎవ్వలు అడుగలేదు.

"నువ్వుండంగ నాకు ఇంజినీరు ఎందుకే" అన్నడు రాకేశ్ ఆ రోజు, సంబురంగ. ఆ ఒక్క మాటను మంజుల చాన రోజులు దాసుకున్నది. పొద్దుగాల వంట, అత్త మందులు, మరిది సాగర్ టిఫిను డబ్బా అన్ని ముగిసినంక అర్రలకు పోయి ఒక్కొక్క సెల్లు నింపి, ఖాళీ చేసి, ఎంత బలముందో చూసి వేరు చేసేది. అన్నీ పాతయే. కొన్ని గట్టిగున్నయి, కొన్ని తొందరగ వేడెక్కుతున్నయి. బలం లేనివాటిని పక్కకు పెట్టి, మిగిలినవాటిని జతకు జత చూసి కట్టింది. మోటరుకు కరెంటు పంపే కంట్రోలర్‌ల ఒక హద్దు పెట్టింది, అంతకంటె ఎక్కువ గుంజకుండ.

ఒకనాడు పగటీలి ఇంట్ల అందరు సుట్టాల పెండ్లికి పోయిండ్రు. బ్యాటరీ అప్పటికే కారుల బిగించి ఉన్నది, కారు ఇంకా జాకీల మీద ఉన్నది. మంజుల చెప్పులిడిచి సీట్ల కూసోని పెడలు మీద కాలు ఆనించింది. చక్రాలు తిరిగినయి. ఇంకొంచెం తొక్కింది. పొగ లేదు, మొత్తుకోలు లేదు, సన్నటి ఈలసొంటి శబ్దమొకటి పాదం కిందికెల్లి లేచి ఒళ్లంత పాకింది. బండి ఉన్నకాడనే ఉన్నది గని, ఆమె యాడికో పోయింది. ఎంతసేపు గట్ల కూసున్నదో తెల్వదు. చెంపలు తడిసినయని దిగినంక చూసుకున్నది.

బండి రోడ్డెక్కిననాడు, "ఒక్కసారి నేను నడుపుత" అన్నది రాకేశ్‌తోని.

"నీకు లైసెన్స్ లేదు గదనే."

సాగర్‌కు గూడ లేదు. సాగర్ అప్పటికే తాళంచెవి వేలుకు తిప్పుకుంట స్టీరింగు ముంగట కూసున్నడు.

వీడియో తీసేటందుకు జగిత్యాల నుంచి పోరగాండ్లు వచ్చిండ్రు. మంజుల చాయలు పట్టుకొని షెడ్డు కాడికి పోయింది. "బ్యాటరీ ఎవరు కట్టిండ్రన్నా?" అని అడిగిండు కెమెరా పట్టినాయిన. "అంత మన చెయ్యే తమ్మీ" అన్నడు రాకేశ్. అని, మంజుల దిక్కు చూసి చెయ్యి ఊపిండు. "జర పక్కకు జరుగు, నువ్వు వీడియోల పడుతున్నవ్."

ఆమె జరిగింది. ఆ ఐతారం చర్చిల రాకేశ్‌ను ముంగట నిలవెట్టి ప్రార్థన చేసిండ్రు. దేవుడు ఆయన చేతులకు ఇచ్చిన జ్ఞానం కోసం అందరితోని మంజుల గూడ ఆమెన్ అన్నది.

వీడియో కింద ఎవడో, గిది స్కూటీ లెక్క పోతున్నదని రాసిండు. రాకేశ్‌కు ఆ రోజు అన్నం దిగలేదు. "ఆ హద్దు తీసెయ్" అన్నడు.

"తియ్యొద్దు. సెల్లులు పాతయి, వేడెక్కుతయి. కావాలంటె కొత్తయి ఏసుకుందం."

"ఒక్కసారి గుంజితె ఏమైతదే? నీకు అన్నిట్ల భయమే."

"భయం కాదు. అంటుకుంటది."

రాకేశ్ తెల్లారి షెడ్డుల ల్యాప్‌టాపు ముంగటేసుకొని, ఫోన్ల ఎవరితోనో మాట్లాడుకుంట ఆ హద్దు తానే తీసిండు. మంజుల అన్నం డబ్బా తీసుకపోయేవరకు కారు లేదు. జగిత్యాల రోడ్డు మీద ఉరికించెటందుకు సాగర్ తీసుకపోయిండు.

పెట్రోలు బంకు దాటినంక సీటు కిందికెల్లి పొగ లేచిందట. సాగర్ బండి ఆపి, తలుపు పట్టి గుంజుకొని దుంకిండట. కుడిచెయ్యి మోచేతి దాక కాలింది. కారు మిగులలేదు.

దవాఖాన వరండాల సుట్టాలు, చర్చోళ్లు, గ్యారేజీ దోస్తులు మోపైండ్రు. ఎట్లైందని అందరు రాకేశ్‌ను చుట్టుకున్నరు. రాకేశ్ గోడకు ఒరిగి కండ్లు తుడుసుకున్నడు. "బ్యాటరీ నేను కట్టలే" అన్నడు. "మా మంజుల కట్టింది."

ఇన్ని రోజులల్ల ఆ పని పక్కన ఆమె పేరు వినవడ్డది అదే మొదటిసారి. తలకాయలన్ని ఆమె దిక్కు మల్లినయి. కనకవ్వ లేచి వచ్చి, "నా కొడుకు చెయ్యి కాల్చినవ్ గదనే" అని గుండెలు కొట్టుకున్నది. మంజుల నోరు తెరిచింది. హద్దు తీసిన సంగతి చెప్పాలె. రాకేశ్ ఆమె కండ్లలకు చూసిండు. అది బెదిరించిన చూపైతె చెప్పేసేదే. బతిమాలిన చూపది. నువ్వైతె తట్టుకుంటవు, నేను తట్టుకోలేను అన్నట్టున్నది. చెప్పినా ఇక్కడ ఎవ్వలు వినరని గూడ ఆమెకు ఎర్కే. తెరిచిన నోరు మూసుకున్నది.

సిరిసిల్ల నుంచి సాయన్నను పిలిపిచ్చిండ్రు. ఆయన అందరి ముంగట సామేలుకు రెండు చేతులు జోడిచ్చిండు. "తప్పైంది బావా. పొల్లకు తెల్వక చేసింది."

బస్టాండుకు సాగదోలెటందుకు పోయినప్పుడు తండ్రి ఆమెను అడిగిండు. "నువ్వు కట్టింది అంటుకోదు గదా బిడ్డా?"

"అంటుకోదు బాపు. హద్దు తీసిండు."

"నాకెర్కే." సాయన్న చేతి సంచి ఇంకో చేతికి మార్చుకున్నడు. "అయినా నువ్వే ఒప్పుకో బిడ్డా. సంసారం నిలవడాలె గదా."

ఆయన చేతులతోనే తీగె చుట్టుడు నేర్పిండు. ఏ చుట్టు యాడ తప్పిందో కండ్లు మూసుకొని చెప్పే మనిషి. నమ్మకనా అంటె అదీ కాదు, నమ్మిండు. నమ్మి గూడ చేతులు జోడిచ్చిండు. బస్సు పోయినంక మంజుల బస్టాండు సిమెంటు బల్ల మీద చాన సేపు కూసున్నది. యాడికన్న పోదామంటె, పోవాలనిపించే ఊరు ఒక్కటి గూడ మతికి రాలేదు.

సాగర్ చెయ్యి మానింది. జనం మరిసిపోయిండ్రు. వానకాలం ఎల్లిపోయినంక రాకేశ్ ఒక మబ్బు రంగు కారు తోలుకొచ్చిండు. బుగ్గారం ఆసామిదట, గట్లనే కరెంటు మీదికి మార్చాలెనట. కొత్త సెల్లుల పెట్టెలు ఎనుక అర్రల పెట్టించి, మంజుల పక్కన కూసోని మెల్లగ అన్నడు. "ఈసారి నువ్వెంత హద్దు పెడితె అంతనే. ఒట్టు. జర చూసి మంచిగ కట్టు."

మంజుల ఒక పెట్టె మూత ఎత్తి చూసింది. కొత్త సెల్లులు, ఒక్క గీత లేదు, అన్నీ ఒక్క తీరుగున్నయి. చేతులు వాటంతట అవే ముంగటికి పోయినయి. గివి పాతవాటి తీరు కాదు, వీటితోని ఏం చెయ్యొచ్చో ఆమెకు ఎర్క. చేతులు తీసి ఒడిల పెట్టుకున్నది.

"నాకు రాదు" అన్నది.

రాకేశ్ ఆమె మొఖంలకు చూసిండు. గడపల నిలవడ్డ సామేలు "ఆమెకేం రాదని నేను చెప్పలేదారా" అన్నడు. కనకవ్వ మంచం మీదికెల్లి తలూపింది.

ఆ ఇంట్ల మంజుల చెప్పిన మాటలల్ల, అందరు ఎంబడే నమ్మిన మాట గదొక్కటే.