చుట్టబట్టల వరుస

ఎర్రబండ స్టేషన్‌లో టికెట్ కిటికీ మూసే ఉంది. పట్నం పోయే పొద్దుటి ప్యాసింజరు రావలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. అది ఎందుకు రాలేదో, ఎప్పుడు వస్తుందో చెప్పే దిక్కు లేదు.

కిటికీ కింద నేల మీద చుట్టబట్టలు వరుసగా ఉన్నాయి. గంప మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే పాత గుడ్డల చుట్టలవి. వరుసలో మనిషి నిలబడే పని లేదు. చుట్టబట్ట పెడితే ఆ చోటు ఆమెదే. బావి దగ్గరా అంతే, రేషన్ దుకాణం దగ్గరా అంతే. ఒకరి చుట్టబట్టను ఇంకొకరు కదపరు.

ఆ వరుసలోనూ ఒక ఖాళీ ఉంది. ముందు ఊరి ఆడవాళ్లవి. ఆ తర్వాత ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, వాడ ఆడవాళ్లవి. అన్నిటికంటే చివర ఈదమ్మది.

ఈదమ్మ గంపలో సీతాఫలాలున్నాయి. నిన్న గుట్టల మీద తెంపినవి. ఇప్పటికే పండ్ల కళ్లు విచ్చి మెత్తబడుతున్నాయి. ఈ పూట పట్నం చేరకపోతే రేపు పారబోయడమే. ఇంట్లో అత్త సోమమ్మ దగ్గర పాలు తాగే పసిబిడ్డను వదిలి వచ్చింది. మొగుడు ఇస్రాయేలు ప్రాజెక్టు దగ్గర బండపనికి పోయాడు. పండ్లు అమ్మి మధ్యాహ్నం బండికి తిరిగిపోతేనే బిడ్డకు పాలు.

పండ్ల గుత్తేదారు కృష్ణయ్య అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అతనికి తొందరేమీ లేదు.

"ఏందే ఈదీ, ఎండ ఎక్కుతాంది. నాకు కుమ్మరియ్యరాదు? ఇచ్చినకాడికి తీస్కపో."

"నీకిచ్చుడుకన్న బర్రెకు పెడ్త సేటు. అది పాలన్న ఇస్తది."

ఆడవాళ్లు నవ్వారు. కృష్ణయ్య కూడా నవ్వాడు. రోజూ చివరికి నవ్వేది తనేనని అతనికి తెలుసు.

రైలు కూత వినబడ్డాకే కిటికీ తెరుచుకుంది. గుమస్తా ఒక్కొక్క టికెట్టూ తాపీగా ఇచ్చాడు. వరుస ఖాళీ దాకా వచ్చేసరికి గార్డు పచ్చజెండా ఊపాడు. రోజూ ఇదే తంతు. తోక మిగిలిపోతుంది. మిగిలిన గంపలు కృష్ణయ్య అడిగిన ధరకు అతని బండ్లలోకి పోతాయి. గుమస్తా ఇంటికి ఏనాడూ పండ్లు తక్కువ కాలేదు.

ఈదమ్మ చుట్టబట్ట తీసి, గంప ఎత్తుకుని, పరుగెత్తింది. కదులుతున్న రైలు డబ్బాలోంచి మారయ్య చెయ్యిచ్చి లాగాడు. మారయ్య పట్నం మిల్లులో మగ్గం మీద పనివాడు. నెల పాసు మీద రోజూ ఈ బండిలోనే పోతాడు.

"టికెట్టేది చెల్లె?"

"నా సుట్టబట్ట వరుసల పెట్టిన గదనే అన్నా. పెట్టినంక టికెట్టు అడిగినట్టే గద."

మారయ్య జరిగి ఆమె గంపకు జాగా ఇచ్చాడు.

జంక్షన్‌లో తనిఖీ పడింది. టీసీ ఈదమ్మ రెక్క పట్టుకుని దించాడు. గంపను కాలితో తోశాడు. పండ్లు ప్లాట్‌ఫారం మీద పగిలి, తెల్లటి గుజ్జు జనం కాళ్ల కింద నలిగింది. ఆమె చేతిలోని చుట్టబట్ట కూడా ఆ గుజ్జులోనే పడింది.

వెయిటింగ్ రూములో మేజిస్ట్రేటు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రైల్లోంచి దించినవాళ్లను అక్కడికక్కడే విచారిస్తున్నాడు.

"టికెట్ లేకుండా రైలెక్కడం నేరమని తెలియదా?"

"నేను టికెట్టు లేనిదాన్ని ఎట్లయిత సారు? పొద్దుగాల్నే నా సుట్టబట్ట పెట్టిన. మీ గుమస్తనే కిటికి తెరవలే."

"గుడ్డపీలిక చూపించి ప్రయాణం చేస్తారా మీ ఊళ్లో?"

గదిలో అందరూ నవ్వారు. జుర్మానా కట్టమన్నారు. కొంగున టికెట్ డబ్బులు తప్ప, కట్టడానికి ఆమె దగ్గరున్నదంతా బయట ప్లాట్‌ఫారం మీద నలిగి ఉంది. జైలు అన్నారు.

"ఇంటికాడ పాలుతాగే పోరి ఉన్నది సారు. జర పాలిచ్చొస్త. మీ జైలుకు నేనే నడిచొస్త."

"రైల్లో రాకు తల్లీ, మళ్లీ టికెట్ లేకుండా," అన్నాడు మేజిస్ట్రేటు. ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది.

మారయ్య ముందుకొచ్చాడు. "కిటికి మూసుకొని కూసున్న గుమస్తకు ఎంత జైలు సారు?"

కానిస్టేబుల్ అతన్ని మెడపట్టి బయటికి గెంటాడు. బయట మారయ్య వంగి ఆ చుట్టబట్ట తీసి, నల్లా కింద కడిగి, అంగీలో దోపుకున్నాడు. సాయంత్రం బండిలో ఆమెను పాలమూరు జైలుకు తీసుకుపోతారని పోర్టరు చెప్పాడు. ఆ బండి ఎర్రబండ మీదుగానే పోవాలి. మారయ్య కర్నూలు రోడ్డుకు పోయి, లారీ పట్టుకుని వెనక్కి తిరిగాడు.

అతను తెచ్చిన కబురు విని వాడలో సోమమ్మ గుడిసె ముందు జనం పోగయ్యారు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఊరి నుంచి పెరుగమ్మే ఉప్పలమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు వచ్చి కాస్త ఎడంగా నిలబడ్డారు. చాయ్ హోటల్ దశరథం అందరికంటే ముందు మాట్లాడాడు.

"అర్జీ పెడదాం. పెద్ద ఆఫీసరుకు పంపుదాం."

"అర్జీ పాలిస్తదారా?" అంది సోమమ్మ.

"లేకపోతె తలా ఇంత ఏస్కొని జుర్మానా కడదాం."

"రేపు మల్ల పడ్తది. ఎల్లుండి మల్ల పడ్తది. కిటికి ఆల్లు మూసుడు, జుర్మానా మనం కట్టుడా?" అంది సోమమ్మ మళ్లీ.

మారయ్య అన్నాడు: "కిటికి ఉత్తగనే మూస్తలేరు. బండి లేటయినకొద్ది, టికెట్టు దొరకనికొద్ది కృష్ణయ్యకు లాభం. గుమస్త ఆయన మనిషి. మనం చెమటోడ్చి తెచ్చిన పండ్లు మెత్తబడేదాక ఆగి, గప్పుడు కొంటడు."

ఉప్పలమ్మ వెనకనున్న ఒకామె నసిగింది. "మా దాకైతే ఎన్నడు రాలే ఇది."

సోమమ్మ బిడ్డను భుజం మార్చుకుని అటు తిరిగింది. "మీ దాక ఎట్లొస్తది? నడుమ జాగ ఇడిసిపెడితిరి గద. తోక మాది, తలకాయ మీది. కోసేటోనికి అల్కగ దొరికింది."

ఉప్పలమ్మ మొహం ఎర్రబడింది. కోపంతో వెళ్లిపోతుందేమో అనుకున్నారు. ఆమె పోలేదు.

"మారయ్యా, మీ మిల్లుల ఏం చేస్తరు గిసొంటప్పుడు?"

"మగ్గాలు ఆపుతం."

"ఈడ మగ్గాలు లేవు. బండి ఉన్నది." ఉప్పలమ్మ నడుం దగ్గర చెక్కుకున్న చుట్టబట్ట తీసింది. "లే సోమక్కా. వరుస ఏడ పెట్టాల్నో నాకు సమజైంది."

ఆ సాయంత్రం బండి ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. అది ఆలస్యమైనందుకు ఎర్రబండ జనం మొదటిసారి సంతోషించారు. ఊరూ వాడా స్టేషన్ చేరేందుకు కావలసినంత సమయం దొరికింది.

పట్టాల నడుమ మొదట పెట్టింది ఈదమ్మ చుట్టబట్ట. మారయ్య అంగీలోంచి తీసి ఇచ్చాడు. దాని వెనక సోమమ్మది. దానికి ఆనించి ఉప్పలమ్మది. ఆ వెనక ఊరిదొకటి, వాడదొకటి, ఏది ఎవరిదో తెలియకుండా. ఖాళీ లేదు. ఒక్కొక్క చుట్టబట్ట పక్కన ఒక్కొక్క మనిషి కూర్చుంది.

గుమస్తా పరుగెత్తుకొచ్చి మొదటి చుట్టబట్టను తన్నబోయాడు.

"కాలు పెట్టి చూడు," అంది ఉప్పలమ్మ. అరవలేదు. గుమస్తా కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఇంజను దూరం నుంచే కూత పెట్టింది. కూత ఆగలేదు, మనుషులు లేవలేదు. చివరికి ఇంజనే ఆగింది. ఆవిరి వాళ్ల మొహాల మీదికి వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి వరుస చూశాడు. విషయం అడిగాడు. మారయ్య చెప్పాడు. డ్రైవరు గార్డు వైపు తిరిగి కేకేశాడు: "ఇంజన్ల కొంచెం మరమ్మతు ఉంది సారూ. ఎంతసేపు పడ్తదో నాకే తెల్వదు."

మిల్లుల నుంచి తిరిగొస్తున్న కార్మికులు డబ్బాలు దిగి వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడ్డారు. ఒక డబ్బా కిటికీలో, ఇద్దరు కానిస్టేబుళ్ల నడుమ ఈదమ్మ కనబడింది. రవికె ముందుభాగం పాలతో తడిసిపోయి ఉంది. సోమమ్మ కిటికీలోంచి బిడ్డను అందించింది. ఒక కానిస్టేబుల్ వద్దనబోయాడు. డబ్బాలో వాళ్లంతా అతని వైపు చూశారు. అతను మొహం తిప్పుకున్నాడు.

జీపులో ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వెనకే లాఠీలు దిగాయి. "మీ లీడరు ఎవరు?"

"వరుసల ముందున్నదే," అంది సోమమ్మ చుట్టబట్టను చూపిస్తూ. "ఆమెను పొద్దుగాల్నే పట్కపోయిండ్రు."

"అందరినీ అరెస్టు చేస్తున్నా. ఎక్కండి బండి."

ఆడవాళ్లు లేచారు. చుట్టబట్టలు తీసుకున్నారు. బండి వైపు పోలేదు. టికెట్ కిటికీ దగ్గరికి పోయి, అదే వరుసలో నేల మీద పెట్టారు.

"ఇదేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"టికెట్లు," అంది ఉప్పలమ్మ. "పాలమూరుకు. టికెట్టు లేకుంట బండెక్కితే నేరమని మీ మేజిస్ట్రేటు దొరనే చెప్పిండట. జైలుకు పోయేతందుకు ఇంకో నేరం చెయ్యమంటవా సారు?"

కార్మికుల్లో నవ్వు పుట్టింది. పొద్దున వెయిటింగ్ రూములో నవ్విన నవ్వు కాదది. ఇన్‌స్పెక్టరు వెనకనున్న పోలీసులకు చెయ్యూపాడు. లాఠీ పైకి లేచింది. ఒక దెబ్బ మారయ్య భుజం మీద, ఒకటి దశరథం నుదుటి మీద పడింది. వరుస చెదరలేదు. డబ్బాల్లోంచి, ప్లాట్‌ఫారం మీంచి ఒకే కేక లేచింది.

"కిటికి తెరువు."

కిటికీ తెరుచుకుంది.

గుమస్తా టికెట్లు ఇవ్వసాగాడు. మొదటి టికెట్టు ఈదమ్మకు. టికెట్ డబ్బులు ఆడవాళ్ల కొంగుముడుల్లో పొద్దుటి నుంచీ ఉన్నాయి. కావలసింది కిటికీ ఒక్కటే. వరుస తోక దాకా అందరికీ టికెట్టు దొరికేవరకూ ఆ బండి ఆగింది. అలా ఆగడం ఎర్రబండలో అదే మొదటిసారి. చంకన బిడ్డతో ఈదమ్మ కూర్చున్న డబ్బాలోకే అందరూ ఎక్కారు. కానిస్టేబుళ్లకు కూర్చునే జాగా మిగల్లేదు.

మర్నాడు పొద్దున గుమస్తా బండి రాకముందే కిటికీ తెరిచి కూర్చున్నాడు. కృష్ణయ్య ఖాళీ బండ్లతో వచ్చి నిలబడ్డాడు. కిటికీ కింద ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం మీద ఒక్క గంప లేదు. అవతలి స్టేషన్ నుంచి తంతి వచ్చింది, అక్కడ బండి ఆగిపోయిందని. పట్టాల మీద గుడ్డల చుట్టలున్నాయట, వాటిని ఎవరూ కదపనివ్వడం లేదట.

గుమస్తా లేచి బయటికొచ్చి తన పట్టాల వైపు చూశాడు.

జైలుకు పోగా మిగిలిన ఆడవాళ్లు అక్కడ అప్పటికే కూర్చుని ఉన్నారు.