పలకని మూడు మెట్లు

కోరుట్లలో ప్రతి శనివారం భజన చేసే పదకొండు మందికి పరశురాములు పెద్ద. ఆ పెద్దరికం ఎవరో ఇచ్చింది కాదు. షార్జాలో పద్నాలుగేళ్లు లారీ నడిపి ఇంటికి వచ్చిన వారానికే హార్మోనియం తన ముందుకు లాక్కుని కూర్చున్నాడు. లెమ్మని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గొంతు మాత్రం మంచిదే. ఆ మాట కూడా ముందు ఆయనే అందరికీ చెప్పాడు.

ఈ వానాకాలంలో ఎలుకలు ఆ హార్మోనియం తిత్తిని కొరికి పెట్టాయి. ఢోలక్ వాయించే సాయన్న అతుకు వేయిద్దామన్నాడు. పరశురాములు జాలిగా నవ్వాడు.

"ఇంక తిత్తి ఊపుకుంట కూసుంటమా సాయన్నా? కీబోర్డు తెద్దాం. సెకండ్ హ్యాండ్ల సగం ధరకే దొరుకుతది. గా పని నాకిడిసిపెట్టు. గల్ఫ్‌ల తిరిగిన మనిషిని. వస్తువును సూడంగనే ఎన్ని చేతులు మారిందో చెప్త."

షార్జాలో ఆయన అలా చూడగానే చెప్పి కొన్న ఫ్రిజ్, నెల తిరగకుండానే బట్టలు పెట్టుకునే బీరువా అయింది. ఆ సంగతి సాయన్నకు తెలియదు. పరశురాములు భార్య ఇంద్రమ్మకు తెలుసు. అయినా ఆ రోజుకు ఊరుకుంది.

ఫోనులో పాత సామాను అమ్మే యాప్ తెరిచాక పరశురాములుకు లోకం మీద గౌరవం పెరిగింది. ఇంతమంది ఇన్ని వాయిద్యాలు కొని, ఒక్కటీ వాయించకుండా ఇంత శుభ్రంగా దాచుకున్నారా! గిటార్లన్నీ కొని, తుడిచి, గోడకు ఆనించినవే. ఒకాయన తబలా జోడీని ఎనిమిది నెలల నుంచి 'అర్జెంటుగా' అమ్ముతున్నాడు. ఇంకొకాయన తన గిటారుకు ఒక్క తీగే తెగిందని, మిగతా ఐదింటినీ చూసి మాట్లాడమని రాశాడు. ఒక కీబోర్డు ఫోటోలో పూల దుప్పటి, దాని వెనక బియ్యం డబ్బా, డబ్బా మీద నిద్రపోతున్న పిల్లి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కీబోర్డు మాత్రం సగమే పడింది. ఒక పెద్దమనిషి ఫోన్ చేసి తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ అయిందని, డబ్బు ముందు పంపితే కీబోర్డు మిలిటరీ బండిలో ఇంటికే వస్తుందని చెప్పాడు. పరశురాములు వెంటనే ఫోన్ పెట్టేశాడు. ఆయన అంత అమాయకుడు కాదు. కళ్లతో చూసి, చేత్తో ముట్టుకుని మోసపోయే రకం.

చివరికి సిరిసిల్ల నుంచి ఒక కీబోర్డు ఆయన మనసుకు నచ్చింది. అమ్మేవాడి పేరు విజయ్. 'మా చెల్లె నేర్చుకుంటానని కొన్నది. నాలుగు రోజులు వాడి పక్కన పెట్టింది. కొత్తదానితో సమానం' అని రాసి ఉంది. ఆ చెల్లెలి చంచల స్వభావం పరశురాములుకు ఎంతో నచ్చింది.

మరునాడు పొద్దున్నే బస్సెక్కాడు. రుద్రంగి దాటేదాకా కీబోర్డు మీద మొదట ఏ పాట వాయించాలో ఆలోచించాడు. వేములవాడలో బస్సు మారాక ధర ఎంత తగ్గించాలో ఆలోచించాడు. కీబోర్డును ఎలా పరీక్షించాలో ఆలోచించడానికి దారి సరిపోలేదు.

విజయ్ ఇల్లు వెతకడం కష్టం కాలేదు, ఇల్లు దూరం నుంచే వినిపించింది. ముందు రేకుల షెడ్డులో పన్నెండు మరమగ్గాలు ఆడుతున్నాయి. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. ఆ షెడ్డు పక్క గదిలోనే ఒక స్టూలు మీద కీబోర్డు పెట్టి, కరెంటు కూడా కలిపి సిద్ధంగా ఉంచాడు విజయ్. పాతికేళ్లుంటాయి. ముఖం నిండా వినయం.

"రాండ్రి అన్నా, కూసోండ్రి! చాయ్ తాగుతరా?" అని అరిచాడు.

"ఏందీ?"

"చాయ్!"

"జర గా సాంచాలు ఆపుతరా? వాయించి సూస్త!" అని పరశురాములు కూడా అరిచాడు.

"సాంచాలు ఆపితె మా బాపు నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తడన్నా! మీరు వాయించుండ్రి. మీ అసోంటి కళాకారులకు చప్పుడు ఒక లెక్కనా?"

పరశురాములు వెన్ను నిటారు చేశాడు. కళాకారుడన్న మాట ఆయన్ను కోరుట్లలో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. మెట్ల మీద వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని వాయించాడు. పన్నెండు సాంచాల టకటకల కింద ఎక్కడో ఏదో మోగినట్టే ఉంది. అది కీబోర్డో, పక్కింటి సెల్ ఫోనో తేల్చి చెప్పడం కష్టం. కానీ కళాకారుడినని ఒప్పుకున్నాక, వినపడలేదని ఎలా చెబుతాడు? తల ఊపాడు.

"ఇన్నరా అన్నా గా బేసు?" అని అడిగాడు విజయ్.

"ఇన్న. మంచిగున్నది. జర పై స్వరాలల్ల తీపి తక్కువున్నది గని, నడుస్తది."

"అబ్బ! ఎంత చెవన్నా మీది!"

తొమ్మిది వేలు చెప్పిన దాన్ని ఎనిమిది వేలకు దించాడు పరశురాములు. విజయ్ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. పరశురాములుకు పాపమనిపించి, చార్జీల కోసం దాచుకున్న నోటు కూడా తీసి ఇవ్వబోయాడు. మళ్లీ బస్సు గుర్తొచ్చి ఆగాడు.

సాయంత్రం ఇంట్లో దాన్ని దివాన్ మీద పెట్టాడు. ఇంద్రమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"బర్రెను కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు సూస్తవు గదా. దీనికి గిన్ని పండ్లున్నయి. అన్నీ ఒత్తి సూసినవా?"

"నీకేం తెలుసే సంగీతం?" అంటూ పరశురాములు స్విచ్ వేసి, స, రి, గ అని వరసగా నొక్కాడు. స పలికింది. రి పలికింది. గ పలకలేదు. మళ్లీ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. బతిమాలినట్టు మెల్లగా నొక్కాడు. దాని పక్కన ఇంకో రెండు కూడా మూగవే. అరవై ఒక్క మెట్లలో పోయినవి మూడే. కానీ ఆ మూడూ ఎక్కడో చివర కాదు, సరిగ్గా ఆయన గొంతు తిరిగే నడుమ ఉన్నాయి.

విజయ్‌కు ఫోన్ చేశాడు.

"గట్లెట్లన్నా? ఈడ మీరే వాయించి ఇన్నరు గదా, బేసు మంచిగున్నదన్నరు. మీ కోరుట్ల కరెంటుల ఏమన్న తేడా ఉన్నదో ఏమో, సూపియ్యుండ్రి."

ఆ తరువాత విజయ్ ఫోన్ పరశురాములు నంబరుకు మాత్రం ఎప్పుడూ అందుబాటులో లేకుండా పోయింది.

శనివారం భజన జరిగింది. పాట మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోయి, గ దగ్గర గుంతలో పడ్డట్టు పడుతోంది. మిగతా పదిమందీ ఆ గుంతను దాటలేక ముఖముఖాలు చూసుకున్నారు. సాయన్న ఢోలక్ ఆపకుండానే అన్నాడు: "కానియ్యన్నా. మిగిలింది దేవుడే కలుపుకుంటడు తియ్యి."

ఆ మాట పరశురాములుకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లంతా దొంగలని, నీతి అనేది లోకంలో లేదని ఇంద్రమ్మకు వివరించాడు. మూడో రోజు అదే యాప్ తెరిచి, తన కీబోర్డు అమ్మకానికి పెట్టాడు.

'దేవుని భజనకు మాత్రమే వాడినది. ఒకే చేతి మీద ఉన్నది. చూసినవారు వదలరు.' ధర పదివేలు.

ఇంద్రమ్మ ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. "మూడు పండ్లు లెవ్వని రాసినవా?"

"అడిగితె చెప్త."

"అడగకపోతె?"

"అడగనోళ్లకు చెప్పుడెందుకు? వాళ్లను బాధ పెట్టుడెందుకు?"

వారానికి జగిత్యాల నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు సింధూజ. బడిలో పిల్లలకు సంగీతం చెబుతుందట. ఆదివారం పదకొండింటికి వస్తానంది. పరశురాములు శనివారం నుంచే సిద్ధమయ్యాడు. కీబోర్డును వంటింటి తలుపు పక్కకు జరిపి భార్యతో మెల్లగా అన్నాడు:

"ఆమె అచ్చినప్పుడు నువ్వు మిక్సీ ఆన్ చెయ్యి."

"ఏం రుబ్బాలె?"

"ఏదన్న రుబ్బు. చప్పుడు గావాలె."

ఇంద్రమ్మ ఆయన్ను కిందికీ మీదికీ చూసింది. "ఉత్త మిక్సీ తిప్పితె కాలిపోతది. గదాన్ని గూడ అమ్ముతవా?"

సింధూజ చెప్పిన సమయానికే వచ్చింది. చెప్పులు విడిచి, కింద చాప మీద కూర్చుని, సంచిలోంచి హెడ్‌ఫోన్స్ తీసి కీబోర్డుకు కలిపి చెవులకు పెట్టుకుంది. ఇక మిక్సీ కాదు, పన్నెండు సాంచాలు తెచ్చి పెట్టినా లాభం లేదు. ఎడమ చివర నుంచి ఒక్కో మెట్టూ నొక్కుతూ వస్తోంది. పాట లేదు, కళ్లు మూసుకోవడం లేదు. రేషన్ షాపులో బియ్యం చూసినట్టు చూస్తోంది. అసలు ఇలాగే చూడాలి కదా అని పరశురాములుకు అప్పుడు తోచింది. ఆమె వేలు నడుమకు వస్తుంటే ఆయన వంటింటి తలుపు వైపు చూశాడు.

చివరిదాకా నొక్కి చూసి హెడ్‌ఫోన్స్ తీసింది. "అంకుల్, మూడు మెట్లు పల్కుతలెవ్వు."

"అవునా బిడ్డా? పొద్దున దాక పల్కినయి గదా!"

వంటింట్లోంచి ఇంద్రమ్మ గొంతు వచ్చింది. "అబద్ధం. తెచ్చిన నాటి సంది పల్కుతలెవ్వు బిడ్డా. చూసి తీసుకో."

పరశురాములు నేల వైపు చూశాడు. షార్జాలో పోలీసు ఆపినప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు. సింధూజ కొంచెం సేపు ఆలోచించి, నాలుగు వేలైతే తీసుకుంటానంది. బేరమాడే మొహం ఆయనకు లేదు. సరేనన్నాడు. డబ్బు ఇచ్చేసిన తరువాత ఆమె అడిగింది:

"అంకుల్, ఇంట్ల స్క్రూడ్రైవర్ ఉన్నదా? ఒక పాత టూత్‌బ్రష్, పిల్లల రబ్బరు గూడ ఇయ్యుండ్రి."

గల్ఫ్ నుంచి తెచ్చిన పెట్టెలో ఆయన దగ్గర పదహారు స్క్రూడ్రైవర్లున్నాయి. పదహారూ తెచ్చాడు. సింధూజ కీబోర్డును బోర్లించి మరలు విప్పి, అడుగు మూత తీసింది. లోపల మెట్ల కింద తెల్లగా, మెత్తగా నూలు పీచు పేరుకుని ఉంది. చిన్న దిండుకు సరిపోయేంత. సాంచాల పక్క గదిలో ఏళ్ల తరబడి ఉంటే ఇంకేం చేరుతుంది? ఆ చెల్లెలి నాలుగు రోజులు చాలా పెద్దవిలా ఉన్నాయి.

ఆమె బ్రష్షుతో పీచంతా దులిపి, రబ్బరుతో మెట్ల కింది నల్లని చుక్కల్ని మెల్లగా రుద్ది, మళ్లీ బిగించింది. అరగంట పట్టలేదు. స్విచ్ వేసి స, రి, గ నొక్కింది.

గ పలికింది. ఎంత తీయగా పలికిందంటే, ఇంద్రమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది.

"భజనకు వాడినమని రాసిండ్రు గదా అంకుల్. ఒకటి పాడుండ్రి, సూద్దాం," అంది సింధూజ.

పాడకూడదనుకున్నాడు. కానీ ఆమె శ్రుతి పెట్టగానే గొంతు ఆయన మాట వినలేదు. శనివారాలు గుంతలో పడ్డ ఆ పాటే ఎత్తుకున్నాడు. మెట్టు మెట్టూ ఎక్కి, ఒక్కచోటా కాలు జారకుండా పైదాకా పోయాడు.

"బిడ్డా, ఇది నేను..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఇక దీన్ని అమ్మనని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె అప్పటికే దాన్ని దుప్పట్లో చుడుతోంది. బస్టాండు దాకా ఆయనే భుజాన మోసుకుపోయాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె, వచ్చే నెల బడి వార్షికోత్సవానికి తప్పకుండా రమ్మని పిలిచింది.

వెళ్లారు భార్యాభర్తలిద్దరూ. జగిత్యాలలో ఆ బడి మైదానంలో మూడో వరుసలో కూర్చున్నారు. సింధూజ కీబోర్డు వాయిస్తుంటే తొమ్మిది మంది పిల్లలు పాడారు. పరశురాములు ఒక్కో స్వరాన్నీ పట్టి పట్టి విన్నాడు. అన్నీ పలికాయి. పక్కన కూర్చున్న పెద్దాయన చప్పట్లు కొడుతుంటే ఆయనకు ఉండబట్టలేదు.

"గా కీబోర్డు నేనిచ్చిందే," అన్నాడు.

"గట్లనా! పిల్లలకు దానం జేసినవా?"

పరశురాములు భయంభయంగా ఇంద్రమ్మ వైపు చూశాడు. ఆమె స్టేజీ మీది నుంచి చూపు తిప్పలేదు. పెదవులు మాత్రం బిగబట్టి ఉన్నాయి.

"దానమంటె... సగం దానం," అన్నాడు.