తుపాకీకి దిండు

నేను కుట్టిన సీటు మీద కూర్చుని నరసరావుపేట నుంచి కనిగిరి దాకా బండి నడిపినా నడుం నొప్పి రాదు. ఇది నా మాట కాదు, నా దగ్గర సీట్లు కుట్టించుకున్నవాళ్ల మాట. కాస్త నా మాట కూడా. అలాంటి నా షాపుకి ఒకరోజు జైతున్‌బీ టీచరు తుపాకీ పెట్టె పట్టుకుని వచ్చారు.

హైస్కూల్లో మాకు డ్రిల్లు నేర్పిన మనిషి. రిటైరై ఆరేళ్లయింది. గుంటూరు క్లబ్బులో ఎయిర్ రైఫిల్ కాలుస్తారని ఊరందరికీ తెలుసు. కుడిచెయ్యి వణుకుతోందని మాత్రం ఆవిడ పెట్టె తెరుస్తుంటే నేనే చూశాను. ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నారు. నిలబడి కాల్చడం మానేసి, బల్ల దగ్గర కూర్చుని కాల్చే పోటీలోకి మారారట. అందులో తుపాకీ ముందు భాగాన్ని చిన్న స్టాండు మీద ఆనిస్తారు. స్టాండు మీద ఒక దిండు ఉంటుంది. కొన్న దిండు ఆవిడ తుపాకీ వెడల్పుకి చాలడం లేదు.

"నెల టైముందిరా పీరూ. పోటీలో మూడొందలకి రెండొందల ఎనభై రాకపోతే తుపాకీ క్లబ్బుకిచ్చేస్తానని సెక్రటరీ వీరబాబుకి చెప్పేశా," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు మనసు చివుక్కుమంది. ఆ తుపాకీ లేని టీచరమ్మని నేను ఊహించుకోలేను.

మొదటి దిండు స్పాంజితో కుట్టాను. మెత్తదనంలో నన్ను మించినవాడు లేడు కదా. తుపాకీ అందులో కూరుకుపోయి, కాల్చినప్పుడల్లా ఒక్కో ఎత్తులో కూర్చుంది. తుపాకీకి నడుం నొప్పి రాదని టీచరమ్మ నాకు తాపీగా విడమరిచి చెప్పారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆవిడ ముందు నేను ఎప్పుడూ వినేవాణ్ణే.

రెండోదానికి సన్న ఇసుక జల్లించి, రాయిలా అయ్యేదాకా కూరి, పైన నున్నటి తోలు వేసి కుట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. చెయ్యి వణుకుతోంది కదా పాపం అని, తుపాకీని గట్టిగా పట్టుకునేలా రెండు పక్కలా ఎత్తుగా చెవులు కూడా పెట్టాను.

ప్రాక్టీసులో రెండొందల డెబ్భై ఒకటి వచ్చింది. చెవులు బిగించాను. రెండొందల అరవై ఎనిమిదికి దిగింది. ఇంకా బిగించాను. తప్పు బల్లదనీ, పైన తిరిగే ఫ్యానుదనీ వాదించాను. నా కుట్టుని అనుమానించే అలవాటు నాకు లేదు.

పోటీ రోజు మిర్చి లారీల వెనక తుమ్ముకుంటూ నేనూ గుంటూరు వెళ్లాను. కాల్పులకి ముందు ఒక అధికారి ఒక్కో తుపాకీనీ పైకెత్తి చూస్తున్నాడు. టీచరమ్మది ఎత్తితే దిండూ, దిండుతోపాటు స్టాండూ లేచి వచ్చాయి. తుపాకీ దిండు మీద ఊరికే ఆనాలనీ, దిండు దాన్ని పట్టుకోకూడదనీ, పావుగంటలో సరిచెయ్యకపోతే పోటీలో లేనట్టేననీ అన్నాడు. మంచికి పోతే చెడు ఎదురైంది. నాకు తిక్క రేగింది. పెద్దావిడ, చెయ్యి వణుకుద్ది, ఆ మాత్రం ఆసరా ఉంటే మీ సొమ్మేం పోయిందని గొంతు పెంచాను. హాలంతా ఇటు తిరిగింది.

వీరబాబు మొహం చూశాక గానీ నాలుక కరుచుకోలేదు. ఇచ్చిన మాట గాలికి పోయింది. టీచరమ్మ నా వంక ఒక్క క్షణం చూశారు.

"వణికితే వణుకుద్ది. చెవులు కోసెయ్," అన్నారు.

కోశాను. చెవుల్లోని ఇసుక తీసేసి, అంచులు మడిచి, చేతిసూదితో కుట్టాను. అధికారి మళ్లీ ఎత్తాడు. ఈసారి తుపాకీ ఒక్కటే లేచింది.

ఇక దాన్ని పట్టి ఉంచేదేమీ లేదు. గట్టిగా ఆనుకుంటే పక్కకి జరిగిపోతుందని, టీచరమ్మ భుజం తాకీ తాకనట్టు పెట్టి, ఎడమచెయ్యి ఒళ్లో వేసుకుని, ట్రిగ్గరు మీద ఒక్క వేలు మాత్రం ఉంచారు. పదికి పది వచ్చింది. మళ్లీ పది. అప్పటికి నా మట్టిబుర్రకి ఎక్కింది. నేను బిగించిన కొద్దీ, గురి వెంట్రుకవాసి జరపాలన్నా ఆవిడ బలంగా తొయ్యాల్సి వచ్చింది. తోసిన కొద్దీ చేతి వణుకంతా తుపాకీలోకి పోయింది. నెల రోజులుగా ఆవిడ నా మంచితనంతో కుస్తీ పట్టారు.

ముప్పై షాట్లు అయ్యేసరికి రెండొందల ఎనభై ఆరు. నేను సిగ్గు మరిచిపోయి ఈల వేశాను. వీరబాబు దగ్గరికొచ్చి, చెయ్యి సంగతి తనకెందుకు చెప్పలేదని మెల్లగా అడిగాడు.

టీచరమ్మ కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టారు. అందరూ చూస్తుండగా అది వణుకుతూనే ఉంది.

"దాని పని అది చేసుకుంటది, నా పని నేను చేసుకుంటా. వచ్చే ఏటికి కూడా నా పేరు రాసుకో వీరబాబూ," అన్నారు.