చాంపియన్ రీఫ్స్ కోడలు

ఆ నెలంతా మా ఇంట్లో నీమా సూట్‌కేసును తూకం వేయడం రోజూ ఒక పూజ లాగా జరిగేది. కొంత బరువు దాటితే విమానంలో ఒప్పుకోరట. నేను చింతకాయ పచ్చడి సీసా పెట్టేదాన్ని, ఆమె తీసేది, ఆమె డ్యూటీకి పోగానే నేను మళ్ళీ పెట్టేదాన్ని. టాంజానియా నుంచి కోలారు బంగారు గనుల్లోని మా ఊరు చాంపియన్ రీఫ్స్ ఆసుపత్రికి ఒక ఏడాది ట్రైనింగుకు వచ్చి, మా ముందుగదిలో అద్దెకున్న పిల్ల. వాళ్ళ ఊరిదీ బంగారు గనుల బతుకేనట. బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన మా సైనైడ్ దిబ్బలు చూసి ముక్కు మూసుకోకుండా, "మా ఊరు మాదిరే ఉంది" అన్న మొదటి మనిషి ఆమే. అందుకే ఇల్లిచ్చాను.

నా పేరు కమలాక్షి. మా ఆయన గని ఆఫీసులో గుమాస్తా. గనులు మూతపడ్డ బెంగతోనే పోయాడని నా నమ్మకం. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాకు కోపం ఎక్కువని పేరుంది, ఆ పేరు నేనెప్పుడూ చెడగొట్టుకోలేదు. ఒక్కడే కొడుకు చిన్మయ్, పొద్దున రైల్లో మాలూరు ఫ్యాక్టరీకి పోయి చీకటి పడ్డాక వస్తాడు. కోలారులో మేష్టరు అచ్యుత గారి అమ్మాయి వినుతతో వాడికి సంబంధం కుదిరింది. కుదిరిన నాటి నుంచి వాడు రైలు దిగి ఇంట్లోకొచ్చి చెప్పులు విడిచేదాకా ఫోను చెవి దగ్గర్నుంచి దిగదు. నీమా వెళ్ళిన మరుసటి వారమే నిశ్చితార్థం పెట్టుకున్నాం.

ఆ ఎండాకాలం జనం ఫోన్లకు దయ్యం పట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు జిల్లాలోకి దిగారట, కొత్త ముఖం కనిపిస్తే వదలొద్దట. ఎవడు రాశాడో ఎవడికీ తెలియదు, నమ్మనివాడు మాత్రం లేడు. మా ఊళ్ళో నీమాను అందరూ ఎరుగుదురు కాబట్టి నాకా భయం తట్టలేదు. వాళ్ళమ్మకు మంచి చీర కొనాలంటే ముళబాగిలుకు తీసుకెళ్ళాను. అక్కడ ఆమెను ఎవరెరుగుదురు?

చీర కొని తిరుగు బస్సు కోసం వచ్చాక, బస్టాండులో నేను మంచినీళ్ళ సీసా కొనడానికి పక్కకెళ్ళాను. తిరిగొచ్చేసరికి మనుషుల గుంపు. తప్పిపోయి ఏడుస్తున్న పిల్లాణ్ణి నీమా ఎత్తుకుందట, అంతే. ఒకడు ఆమె చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడు, ఇంకొకడు సంచి బోర్లించాడు. వెనక ఎవరో కట్టె తెచ్చారు. అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

"యాడిది ఇది? ఎవురి బిడ్డనెత్తుకోని పోతాండాది?"

నేను గుంపును తోసుకుంటూ పోయి ఆ చెయ్యి పట్టుకున్నవాడి చెంప పగలగొట్టాను.

"నా కోడలు రా అది! నా కొడుకు పెండ్లాం! తియ్ చెయ్యి!"

ఆ మాట ఎందుకొచ్చిందంటే చెప్తాను. అద్దెకున్న పిల్ల అంటే వాళ్ళు వదలరు. అద్దెకున్నదాని కోసం రేపు వచ్చి అడిగేవాడెవడు? కోడలంటే వెనక ఒక ఇల్లుంటుంది, కొట్లాటకు వచ్చే మగవాళ్ళుంటారు. గుంపు ఆ లెక్క చాలా త్వరగా వేస్తుంది.

"అమ్మా, మన చిన్మయ్‌కి పెండ్లయిందా? మాకు చెప్పనే లేదే!" గుంపులోంచి ఒక గొంతు. చూస్తే మా ఊరి లారీ డ్రైవరు అంజినప్ప.

"అయిందప్పా. చెప్పేకి తీరలేదు."

అంజినప్ప వెంటనే వాళ్ళ మీదికి తిరిగాడు. "ఈయమ్మ మా టీచరు! వీళ్ళింటి కోడల్నా మీరు పట్టుకునింది?" ఇంతలో పిల్లాడి తల్లి పరుగెత్తుకొచ్చింది. చెయ్యి మెలిపెట్టినవాడే గోలీ సోడా తెచ్చిచ్చాడు. నేను ముట్టలేదు. నీమా తాగబోయి సగం ఒళ్ళో ఉన్న చీర మీదే పోసుకుంది. పాపం, కొత్త చీర, వాళ్ళమ్మది.

మేం బస్సులో ఇల్లు చేరకముందే ఆ వీడియో ఇల్లు చేరింది. "ఏమ్మా, నాకు పెండ్లి చేసి నన్నే పిలవలేదే!" అని చిన్మయ్ పడిపడి నవ్వాడు. నీమా మోచేతి దగ్గర కమిలిన చోటు చూశాక నవ్వు ఆపేశాడు. వినుతకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పిల్ల, "అత్తమ్మ మంచి పని చేసింది" అన్నదట. నాలుగు రోజులాగి కోలారుకు వెళ్ళి అచ్యుత గారితో నేనే నిదానంగా చెప్పుకుందామని అనుకున్నాను. ఆ నాలుగు రోజులు ఆగడమే నా కొంప ముంచింది.

మా లైను సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. లైను అంటే గని కంపెనీ కట్టిన ఇళ్ళ వరస. గోడకు గోడ అంటుకునే ఉంటుంది, ఒకరింట్లో తుమ్మితే ఇంకొకరింట్లో చిరంజీవ అంటారు. గనులు నడిచే రోజుల్లో కంపెనీ కావలివాళ్ళు ఎవరి కోసమైనా వెతుక్కుంటూ వస్తే లైనంతా ఒకే మాట చెప్పేది. ఇంటివాడు పరుపు కింద దాక్కుని ఉన్నా సరే, "ఊర్లో లేడప్పా" అనేవాళ్ళు. గనులు పోయినా ఆ అలవాటు పోలేదు. పక్కింటి జెసింతా ఆ రాత్రే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది: "ఎవురడిగినా సరే, నీమా టీచరమ్మ కోడలే. పిల్ల విమానమెక్కేదాకా అంతే." నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అవసరం కూడా ఉండింది. ఆసుపత్రికి పోయే బస్సులో ఇప్పుడు నీమాకు కొందరు లేచి సీటిస్తున్నారు, కొందరు ఫోనులో వీడియో చూసి ఆమె ముఖంతో పోల్చుకుంటున్నారు. ఒక సాయంత్రం బైకు మీద ఇద్దరు ఆమె వెనకే మా గేటుదాకా వచ్చి, "నిజంగానే కోడలా?" అని నన్నే అడిగారు. చీపురు తీసుకున్నాను, పోయారు. కానీ మళ్ళీ రారని ఎవరు చెప్పగలరు? ఆ రాత్రి నీమా సూట్‌కేసు మూసి, "నేను ముందే వెళ్ళిపోతానమ్మా" అంది. ముందే పోతే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే ఏడాదంతా పోతుంది. "నోరు మూసుకోని చదువుకో" అన్నాను. చదువుకుంది. వంటింట్లో నాకు కూరలు తరుగుతూ చదువుకుంది. వీధి తలుపు చప్పుడైతే మాత్రం కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోయేది, నాదీ ఆగిపోయేది.

ఆదివారం పొద్దున అచ్యుత గారు వచ్చారు. వెంట ఇద్దరు బంధువులు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"కమలాక్షమ్మా, మొన్న నువ్వు ఇంట్లో లేనప్పుడు వచ్చినాను. వీడియో చూసి నమ్మలేక, ఊర్కే పక్కిండ్లలో విచారించినాను."

ఎవరేం చెప్పారని అడిగాను.

"మునియప్ప అనే ఆయన పెండ్లికి వచ్చి బిర్యానీ తిన్నాడంట. మాంసం ముట్టని మీ ఇంట్లో బిర్యానీ! సొన్నమ్మ గుళ్ళో తాళి కడతాంటే చూసిందంట. జెసింతమ్మ అయితే చర్చిలో పెండ్లికి తానే పూలు పట్టుకున్నింది అంటాండాది. ఒక పిల్లోడికి ఎన్ని పెండ్లిండ్లమ్మా?"

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. మా వాళ్ళు ప్రేమకొద్దీ అతికించారు, ఎవరి గోడకు వాళ్ళు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ఇప్పటికీ అంటాను.

"నేను నమ్ముతానమ్మా. నా బిడ్డా నమ్ముతాది. మా వాళ్ళు నమ్మొద్దా? రెండోపెండ్లోడికి బిడ్డనిచ్చినాడని ఊరంతా అంటే నేను బడికి ఎట్ల పోయేది?" జేబులోంచి ఫోను తీశారు. "ఒక్క మాట చెప్పు. ఈ పిల్ల మాకేమీ కాదు, అద్దెకుండాది, అంతే అని. అదే గ్రూపుల్లో ఏస్తాను. నిశ్చితార్థం అనుకున్న రోజే చేసుకుందాం."

"పిల్ల పోయినాక చెప్తానప్పా. కొన్నాళ్ళు ఆగండి."

"ఈ పొద్దు రాత్రికి మా ఇంట్లో అందరూ కూర్చుంటారు. ఆగేకి లేదమ్మా."

చిన్మయ్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. వాడి కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి, నేను కన్నతల్లిని, నాకు తెలియదా? వాడి చిన్నప్పట్నుంచీ వాడు అడిగింది ఏదీ కాదనలేదు. అసలు వాడు అడిగిందే తక్కువ. ఫోను నా ముఖం ముందుకు వచ్చింది. నోరు తెరిచాను.

వంటింట్లోంచి నీమా వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, తిన్నగా ఫోను ముందు నిలబడింది.

"నేను కోడలు కాదు సార్," అంది, నేను నేర్పిన తెలుగులోనే. "అద్దెకుండాను. ఈయమ్మ అబద్ధం చెప్పింది. నన్ను కొడతారని చెప్పింది."

ఈ మాట బయటికి పోతే రేపు బస్సులో ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. మోచేతి దగ్గర ఆ నల్లమచ్చ ఇంకా పోలేదు. పరాయి దేశంలో, చివరి వారాల్లో, ఎవరి పెళ్ళి కోసమో ఆ పిల్ల గుంపుకు తలొగ్గుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను నా వైపు తిప్పుకున్నాను.

"చూసినారా నాయనా, నా కోడలి కోపం! రాత్రి మొగుడూ పెండ్లాం గలాటా పెట్టుకున్నారు. అందుకే నేను కోడల్నే కాదంటాండాది. ఇట్లాటివి ఏ ఇంట్లో లేవు చెప్పండి? నీమా, లోపలికి పో. పప్పు మాడతాండాది."

అచ్యుత గారు ఫోను దించారు. "ఇంగ నేను చెప్పేదేముందమ్మా," అని చెప్పులేసుకున్నారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను రెండే ఆడి నా కొడుకు పెళ్ళి చెడగొట్టాను. తప్పు చేశానని నేననను. కానీ ఆ పూట వాడి ముఖం చూడలేక పెరట్లోనే కూర్చున్నాను.

ఆ సాయంత్రం నుంచి వినుత ఫోను రాలేదు. వాడు చేస్తే ఎత్తలేదు. రాత్రంతా వాడి గదిలో దీపం వెలుగుతూనే ఉంది. తెల్లవారి నాతో మాట్లాడకుండా కాఫీ తాగి, మొదటి రైలు వదిలేసి, స్కూటరు బయటికి తీశాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"బస్సొద్దు," అన్నాడు నీమాతో. "పరీక్ష అయ్యేదాకా నేను దింపుతా."

ఆమె ఏదో అనబోయి, వాడి ముఖం చూసి ఎక్కి కూర్చుంది. లైను చివర టీ అంగడి దగ్గర ఎవరో కొత్తవాళ్ళు నిలబడి ఉన్నారు. స్కూటరు దగ్గరికి రాగానే ఒకడు రోడ్డు మధ్యలోకి వచ్చాడు, చేతిలో ఫోను.

"ఏమన్నా, ఈమె నీకేమవుతాది?"

చిన్మయ్ స్కూటరు ఆపి కాలు కింద పెట్టాడు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. వాడు కాదంటే కాదనడానికి నేనెవర్ని? వాడి పెళ్ళి నేను తగలబెట్టి ఇంకా ఒక రోజన్నా కాలేదు.

"నా పెండ్లాం," అన్నాడు నా కొడుకు, లైనంతా వినబడేట్టు. "దోవ తియ్."