రాయని పట్టిక

గుడివాడలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చే శోభనాద్రి ఏ మనిషి లెక్కైనా ఇచ్చిందెంత, పుచ్చుకున్నదెంత అని చూసుకునే తేలుస్తాడు. భార్గవి లెక్కొక్కటే తేలలేదు. మూడేళ్లు అతని దగ్గరే పని నేర్చుకుని, ఆ మీదట బందరులో సొంతంగా ఆఫీసు తెరిచింది. అప్పట్నుంచి బందరు బస్సు కనబడినా అతనికి కడుపు మండేది.

ఆమె వెళ్లిన వారమే ఒట్టు పెట్టుకున్నాడు. ఏ పనికి ఏం వాడాడో ఆ పట్టిక ఇక కాగితం మీద పెట్టకూడదు. రాసింది పక్కవాడి పాలవుతుంది, బుర్రలో ఉన్నదే మనది.

అతను అందరి పనులూ ఒకే కంప్యూటర్లో, ఒకే పైథాన్ భాష మీద నడిపేవాడు. రైసుమిల్లు ప్రోగ్రాముకు పాత లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, కావాలి, ఎరువుల కొట్టుదానికి కొత్తది కావాలి. ఒకదాన్ని నిలబెడితే రెండోది పడుకునేది. భార్గవి మాత్రం ఒక్కో పనినీ కంటైనర్ అనే ఒక్కో విడి పెట్టెలాంటిదాంట్లో పెడుతోందని, ఒకదాని సరుకు ఇంకోదానికి అంటదని, ఏ కంప్యూటర్లో పెట్టినా అలాగే లేస్తుందని ఖాతాదారులే వచ్చి చెప్పారు. అందరి చేతా వేరు కాపురాలు పెట్టిస్తోందన్నమాట అని వాళ్ల ముందు నవ్వాడు. వాళ్లు వెళ్లాక తలుపేసుకుని అదే నేర్చుకున్నాడు.

కంటైనర్‌కి ఒక ఫైలుంటుంది. కావలసిన లైబ్రరీలు, వాటి వెర్షన్లు అందులో వరసగా రాస్తే, ఆ రాతను బట్టి కంటైనర్ తయారవుతుంది. శోభనాద్రి అందులో పైథాన్ పేరొక్కటే రాశాడు. మిగతావన్నీ నడుస్తున్న కంటైనర్‌లోకి వెళ్లి చేత్తో ఎక్కించాడు, అలా ఎక్కించినవి ఆ ఫైల్లోకి రావు. అతని కంప్యూటర్లో నాలుగు నెలలు చక్కగానే నడిచింది.

నాగాయలంకలో యలమందకు పదకొండు రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఫోనుకు కబురు చెప్పే ప్రోగ్రాం కావాలని శోభనాద్రినీ భార్గవినీ ఒకేరోజు పిలిచాడు. షరతు ఒక్కటే, తన ఆఫీసు కంప్యూటర్లో నడిపి చూపించాలి. ఆయన ఒప్పుకుంటే చుట్టుపక్కల దివిసీమ రైతులంతా ఆ వెనకే వస్తారు. అవనిగడ్డ దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో, భార్గవి మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూనే వెళ్లాడు శోభనాద్రి.

పెద్దవాడని ముందు అతన్నే కూర్చోబెట్టారు. ఫైలు ఎక్కించాడు. కంటైనర్ లేచింది గానీ ప్రోగ్రాం లేవలేదు, ఫలానా లైబ్రరీ లేదంది. అది ఎక్కిస్తే ఇంకోటి లేదంది. అదీ ఎక్కిస్తే వెర్షన్ కుదరలేదంది. ఏ వెర్షన్ వాడాడో ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఫ్యాను కింద చెమటలు పడుతుండగా గంట గడిచింది.

భార్గవి కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా అడిగింది.

"లోపల చేత్తో ఎక్కించారా మాస్టారూ?"

"ఇక్కడ నెట్ బాలేదు" అన్నాడు.

అదే నెట్ మీద ఆమె ఒక్క కమాండ్ కొట్టింది. టీ వచ్చేలోపు పదకొండు చెరువుల ఆక్సిజన్ అంకెలూ తెర మీదికొచ్చాయి. యలమంద ఆమె ఫైలు తెరిపించుకుని చూశాడు. ప్రతి లైబ్రరీ పేరూ, వెర్షనూ, అది ఎందుకో పక్కనే ఒక ముక్కా ఉన్నాయి.

"మేమూ అంతేనమ్మా. ఏ చెరువు వల ఆ చెరువుకే. ఒకదాంట్లో ముంచింది ఇంకోదాంట్లో వేస్తే వైరస్ దానికీ అంటుద్ది. అందుకే ప్రతి వలకీ గుర్తు కడతాం. నీకీ రాసుకోవడం ఎవరు నేర్పారు?"

"ఈయనేనండీ. పట్టిక రాయందే కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు."

యలమంద శోభనాద్రి వైపు తిరిగాడు.

"మరి మీ పట్టికేదండీ?"

ఇన్నాళ్లూ ఆ అమ్మాయి మీదున్న ఏడుపు, ఆమెకు నేర్పిన ఆనాటి శోభనాద్రి మీదికి మళ్లింది. ఆ మనిషే ఇవాళ వచ్చుంటే ఈ పని దక్కేది.

"రాయలేదండీ. చేత్తోనే ఎక్కించాను."

యలమంద పని భార్గవికి ఖాయం చేశాడు. రోడ్డు మీదికొచ్చాక ఆమె ఆటోలో తన పక్కన చోటుంది రమ్మని పిలిచింది. శోభనాద్రి వెనక వచ్చే ఆటో కోసం నిలబడ్డాడు.